ఐదు స్టార్ల చదివింపులు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది నిజామాబాద్ జిల్లా, నా వయసు 41. రెండేళ్లుగా ఒక ఆన్‌లైన్ రచయితల గ్రూపులో ఉన్నాను. నలభై మందిమి కలిసి ఒకే ఊరి కథను వంతులవారీగా భాగాలు భాగాలుగా రాస్తున్నాం. ఒకరు రాసింది మిగతావాళ్లు చదివి ఐదుకు ఇన్ని స్టార్లు అని వేయాలి. సగటు 3 కంటే తగ్గితే ఆ భాగం అసలు కథలో చేరదు. గ్రూపు పెట్టిన సారు, ఆయన చుట్టూ ఒక అరడజను మంది, వాళ్లకు వేరే వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. వాళ్లలో ఎవరేం రాసినా 'అద్భుతః'. పదకొండో భాగంలో చనిపోయిన మనిషి పంతొమ్మిదో భాగంలో అరుగు మీద కూర్చుని టీ తాగాడు, ఒక్కరూ అడగలేదు. పోయిన నెల ఒక ఆదివారం రాత్రి తొమ్మిదింటికి నేను నా భాగం పెడితే తొమ్మిదీ పదికల్లా నాలుగు ఒంటి స్టార్లు పడ్డాయి. మొత్తం పదకొండు మంది వేశారు. మిగతా ఏడుగురూ నాలుగేసి ఇచ్చినా సగటు 2.9 అయ్యి నా భాగం ఎగిరిపోయింది. ఆ నలుగురి కామెంట్లు ఇవీ: 'ఫ్లో లేదు', 'యాస ఎక్కువైంది, అందరికీ అర్థమయ్యేలా రాయండి', 'ఇంకా బాగా రాయొచ్చు', 'పోస్టుమాస్టర్‌ను అలా చూపించడం బాధ కలిగించింది'. మా తమ్ముడి ఫోను, మా ఆడబిడ్డ ఫోను తీసుకుని రెండు ఖాతాలు తెరిచి మనమే స్టార్లు వేసుకుందాం అంటున్నారు మా వారు. గ్రూపు వదిలేయాలా, అందరి ముందూ అడిగేయాలా, లేక నిజంగా నేనే సరిగ్గా రాయలేదా? నా భాగం జత చేస్తున్నాను. పేరు వద్దు.

సమాధానం: ముందు మీరు పంపిన భాగం చదివాను, ఆ తర్వాతే ఈ జవాబు మొదలుపెట్టాను, ఎందుకంటే ఈ గొడవంతా చదవకుండా మాట్లాడినందుకు వచ్చిందే కదా. నాకు పద్దెనిమిది నిమిషాలు పట్టింది. మధ్యలో పాలు పొంగితే లేచి వెళ్లాను, అది కలపలేదు. పన్నెండు పేజీలు తెలుగులో పది నిమిషాల్లో చదివి, ఆలోచించి, కామెంటు టైపు చేసి, స్టారు నొక్కేవాళ్లు ఒకరుండొచ్చేమో, ఒకే రాత్రి నలుగురు ఉండరు. కాబట్టి మీ అనుమానం అనుమానం కాదు. వాళ్లలో ముగ్గురైనా చదవలేదు. చదివినా మొదటి పేజీ చూసి వదిలేశారు, ఎందుకు వదిలేశారో కూడా తర్వాత చెప్తాను, అందులో మీ వాటా కూడా కొంచెం ఉంది.

కానీ వాళ్లు కూడబలుక్కుని మిమ్మల్ని తొక్కేశారా అంటే, అంత సీను ఉండదని నా అనుభవం. పెళ్లిలో చదివింపులు రాసే పుస్తకం ఉంటుంది చూడండి, ఒక మూల బల్ల వేసుకుని మన బంధువుల్లో చేతిరాత బాగున్నవాళ్లు కూర్చుని రాస్తారు, ఫలానా వారు 1,116 అని. ఆ పుస్తకం ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంటుంది, రేపు వాళ్లింట్లో పెళ్లయితే తీసి చూసి అంతకు ఒక వంద కలిపి చదివిస్తాం. ఆ పెళ్లికొడుకు ఎలాంటివాడు, వంట బాగుందా లేదా అన్నదానికీ ఆ 1,116కీ ఏ సంబంధం లేదు. మీ గ్రూపులో ఆ అరడజను మంది ఒకరికొకరు ఇచ్చుకునే ఐదు స్టార్లు కూడా అంతే. నా భాగానికి ఆవిడ 'కంటతడి పెట్టించారు' అని రాసింది కాబట్టి ఆవిడ భాగానికి నేను 'గుండె బరువెక్కింది' అని రాయాలి. చచ్చినవాడు టీ తాగాడని అందులో ఎవరంటారు? పెళ్లిభోజనంలో ఉప్పు తక్కువైందని ముఖం మీద అన్నట్టుంటుంది. మనవాళ్లు పరస్పర డబ్బా అని నవ్వుతారు గాని, లోపల ఉన్నవాళ్లకు అది డబ్బాలా అనిపించదు, మర్యాదలా అనిపిస్తుంది. ఆ పుస్తకంలో మీ పేరు లేదు, అంతే.

నాకెలా తెలుసంటే నేనూ ఒకప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చున్నదాన్నే. చాలా ఏళ్ల కిందట, కథలు రాసుకునే ఒక చిన్న గుంపులో మేం ఐదుగురం ఉండేవాళ్లం, రాత్రి పదయ్యేసరికి ఒకరి కథ కింద ఒకరం చేరిపోయి పొగుడుకునేవాళ్లం, కథ పేరు కన్నా ముందు రాసినవాళ్ల పేరు చూసేవాళ్లం. ఒక కొత్తాయన వచ్చి నాలుగైదు కథలు పెట్టాడు. ప్రతిదానికీ 'శైలి మీద దృష్టి పెట్టండి' అని పడేసేదాన్ని. ఆరు నెలలకు ఆయన రావడం మానేశాడు. ఇంకో ఏడాదికి ఏదో వెతుకుతుంటే ఆ కథలు మళ్లీ కనబడ్డాయి, అప్పుడు చదివాను, అప్పుడే మొదటిసారి చదువుతున్నానని కూడా అప్పుడే తెలిసింది. రెండు కథలు మా ఐదుగురి కథలన్నిటి కన్నా బాగున్నాయి. ఆయనకు మెయిలు పెట్టాను, జవాబు రాలేదు, రావాలని ఆశించడం కూడా అత్యాశే. మేం చెడ్డవాళ్లం కాదు, కానీ మా వల్ల జరిగింది మాత్రం చెడే, దానికి 'మాకు ఆ ఉద్దేశం లేదు' అన్న మాట ఏం పనికొస్తుంది చెప్పండి.

ఇలా జరిగితే ఏమవుతుందో పెద్ద చోట కూడా చూశాం. ఇంగ్లీషు వికీపీడియాలో చురుగ్గా రాసేవాళ్ల సంఖ్య 2007లో శిఖరానికి చేరి ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది. ఎందుకు తగ్గిందని వెతికినవాళ్లు 2013లో ప్రచురించిన పరిశోధనలో తేలిందేమంటే, నాణ్యత కాపాడదామని పెట్టుకున్న నిబంధనలూ పనిముట్లే మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవాళ్ల రాతల్ని కూడా ఎక్కువగా తిప్పికొట్టాయి, అలా దెబ్బతిన్నవాళ్లలో చాలామంది మళ్లీ రాలేదు. అక్కడ కొత్తవాళ్లను కరవొద్దని రాసిపెట్టిన మార్గదర్శకం కూడా ఉంది, అది ఉండగానే ఇదంతా జరిగింది. మీ నలభై మంది గ్రూపులో నిజంగా రాస్తున్నది ఎంతమందో, రెండేళ్ల కిందట ఎంతమందో ఒకసారి లెక్కేయండి. ఆ లెక్క తర్వాత పనికొస్తుంది.

ఇంకో సంగతి, మొదటి పది నిమిషాల గురించి. 2013లోనే సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. జనం వార్తలు పంచుకుని వాటి కింద కామెంట్లు రాసుకునే ఒక చోట, లక్షకు పైగా కామెంట్లు తీసుకుని, వాటిలో కొన్నింటికి పరిశోధకులే యాదృచ్ఛికంగా ఒక మెచ్చుకోలు ఓటు వేశారు, కొన్నింటికి ఒక వ్యతిరేక ఓటు వేశారు, మిగతావి అలాగే వదిలేశారు. ఊరికే వేసిన ఆ ఒక్క మెచ్చుకోలు వల్ల తర్వాత చూసినవాడు కూడా మెచ్చుకునే అవకాశం 32 శాతం పెరిగింది, చివరి స్కోరు సగటున 25 శాతం పెరిగింది. ముందు ఒకడు బాగుందన్నాడు కాబట్టి బాగుంది అన్నమాట! వ్యతిరేక ఓటు సంగతి మాత్రం వేరుగా తేలింది. అన్యాయంగా పడిందనిపించిన చోట తర్వాత వచ్చినవాళ్లు దాన్ని సరిదిద్దారు, మొత్తమ్మీద అది నిలవలేదు. మీ విషయంలోనూ అదే జరిగింది చూడండి, నాలుగు ఒంటి స్టార్లు కళ్లముందు కనబడుతున్నా తర్వాత వచ్చిన ఏడుగురు నాలుగేసి ఇచ్చారు. మీ ఉత్తరంలో ఆ ఏడుగురి గురించి ఒక్క వాక్యం ఉంది, ఆ నలుగురి గురించి పేజీ ఉంది. అందరం అంతేలెండి, పంటి కింద రాయి గుర్తుంటుంది గాని అన్నం గుర్తుండదు.

కాకపోతే వేల మంది ఉన్నచోట సరిదిద్దుకునేది పదకొండు మంది ఉన్నచోట సరిపోదు, లెక్క అలాంటిది. నాలుగు ఒకట్లు, ఏడు నాలుగులు, కలిపితే 32, పదకొండుతో భాగిస్తే 2.9. అదే సగటు కాకుండా, అంకెలన్నీ చిన్న నుంచి పెద్దకు వరసగా పేర్చి సరిగ్గా మధ్యలోది తీసుకుంటే, అంటే ఆరోది, మీ స్కోరు 4. ఒక మూల నలుగురు కూర్చుని ఒకట్లు వేసినా, ఇంకో మూల నలుగురు కూర్చుని ఐదులు వేసినా మధ్య అంకెను కదిలించడం కష్టం. మీ గ్రూపు నిబంధన పెట్టినవాళ్లు దుర్మార్గులై సగటు పెట్టలేదు, స్కూల్లో మార్కులు అలా వేస్తారు కాబట్టి పెట్టారు. ఇది అడిగి మార్పించుకోవలసిన విషయం, పోట్లాడవలసిన విషయం కాదు.

ఇప్పుడు ఆ పోస్టుమాస్టర్ దగ్గరికి వద్దాం. మీరు ఉత్తరంలో నాలుగో కామెంటును కూడా ఆ మూడింటితో కలిపి ఒక కట్ట కట్టేశారు. నాకు మాత్రం అది ఒక్కటే నిజమైన కామెంటులా ఉంది. మీరు పంపిన దాన్నిబట్టి ఆ పోస్టుమాస్టర్ గ్రూపు పెట్టిన సారు మొదటి భాగంలో తెచ్చిన మనిషి, వృద్ధాప్య పింఛన్లు ఇళ్లకు తెచ్చి ఇచ్చే పెద్దాయన. మీరు వచ్చి ఆయన్ని ముసలమ్మల పింఛన్లో చేతివాటం చూపించే దొంగను చేశారు. కథగా బాగుంది, నిజానికి మీ భాగంలో అదే బాగుంది. కానీ పదిమంది కలిసి రాసే కథలో ఒకరి పాత్రను తీసుకుని తలకిందులు చేసే ముందు ఒక ఫోను చేయాలి. 'సార్, మీ పోస్టుమాస్టర్‌ను ఇలా మార్చాలనుకుంటున్నాను, మీరేమంటారు' అని. ఆయన వద్దనొచ్చు, మీరు అయినా రాయొచ్చు, అది వేరే. అడిగామా లేదా అన్నదే మనిషికి గుచ్చుకుంటుంది.

మన భారతం ముగ్గురు రాశారు కదా. నన్నయ్య అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు, తిక్కన ఆ సగం పర్వాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి అందుకుని చివరిదాకా రాశాడు, ఆ మిగిలిన ముక్కను తర్వాతెప్పుడో ఎర్రన పూర్తిచేశాడు. నన్నయ్యకూ ఎర్రనకూ మధ్య సుమారు మూడు వందల ఏళ్లు. అయినా ఎర్రన ఆ భాగాన్ని నన్నయ్య ఏ రాజుకు అంకితం ఇస్తున్నాడో ఆ రాజరాజనరేంద్రుడి పేరు మీదే ముగించాడు, తన పేరూ తన రాజు పేరూ ముందుకు తోయలేదు. నన్నయ్య పద్ధతిలో మొదలుపెట్టి మెల్లగా తిక్కన పద్ధతిలోకి దింపాడని పండితులు అంటారు, అతుకు కనబడకుండా. అప్పట్లో స్టార్లు లేవు కాబట్టి సరిపోయింది గాని, ఉంటే ఎర్రనకు ఎన్ని పడేవో! నా మాటేమంటే, ముందువాడి పాత్ర మీద చేయి వేసేటప్పుడు ఆ మాత్రం జంకు ఉంటే మంచిది. అలాగని ఆ సారు బాధపడితే ఫోను చేసి తిట్టొచ్చు, రెండు పేజీల కామెంటు రాయొచ్చు, తన వాట్సాప్ గ్రూపులో గోడు వెళ్లబోసుకుంటే మిగతా ముగ్గురు వచ్చి చదవకుండా ఒకట్లు నొక్కడం మాత్రం తప్పే. నా ఊహ ఏంటంటే జరిగింది సరిగ్గా ఇదే, ఆయన నొక్కమని చెప్పి కూడా ఉండడు.

'యాస ఎక్కువైంది' అన్నదానికి నేను జవాబు చెప్పకపోతే నిద్రపట్టదు. మీ కథలో పసుపు ఉడకబెట్టడం ఉంది, కళ్లంలో ఆరబోయడం ఉంది, కొమ్ములు గలగలలాడితే ఎండినట్టు లెక్క అని అత్త చెప్పడం ఉంది. నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పసుపు తోలే ఇంట్లో మనుషులు 'ఆయన వచ్చియున్నాడు' అని మాట్లాడుకుంటారా? 'ఒచ్చిండు' అనే అంటారు. ఒక జిల్లా మాట పుస్తకాల్లో ఎక్కువసార్లు కనబడింది కాబట్టి అది భాష, ఇంకో జిల్లా మాట తక్కువసార్లు కనబడింది కాబట్టి అది యాస అనేది మనకు పాత జబ్బు. వందేళ్ల కిందట వాడుక భాషలో రాయండయ్యా అని గిడుగు రామమూర్తి గారు మొత్తుకుంటే అదంతా గ్రామ్యం అని పండితులు కొట్టిపారేశారు, వాళ్లదీ ఒక ముఠానే, బాగా చదువుకున్న ముఠా. ఇప్పుడు ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా, సెప్టెంబరు 9న కాళోజీ పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం, దండలు వేస్తున్నాం, పదో తారీఖున మళ్లీ 'యాస ఎక్కువైంది' అని కామెంటు పెడుతున్నాం. ఆ కామెంటును మీరు పట్టించుకోవద్దు. ఒక్కటి మాత్రం సరిచూసుకోండి: మనుషులు మాట్లాడేచోట 'ఒచ్చిండు' పెట్టి, కథ చెప్పేచోట మొదటి ఐదు పేజీలు 'వచ్చాడు' అనీ ఆరో పేజీ నుంచి 'ఒచ్చిండు' అనీ రాశారు. కథ చెప్పే గొంతు ఏదో ఒకటి చేసుకోండి, రెండోదైతే నాకింకా ఇష్టం.

ఇక 'ఫ్లో లేదు'. చదవకుండా అన్నమాటే, గుడ్డిగా విసిరిన రాయే, కానీ తగలాల్సిన చోటే తగిలింది. మొదటి పేజీలో మీరు పదకొండు మంది పేర్లు చెప్పారు. నేను వేళ్లు మడిచి లెక్కపెట్టాను. అత్త, ఆమె తోటికోడలు, ఇద్దరు మరుదులు, వాళ్ల పిల్లలు, పాలేరు, వాడి బావమరిది. బస్సులో ఎక్కగానే కండక్టరు అందరినీ పరిచయం చేసినట్టుంది. మీ కథ మూడో పేజీలో మొదలవుతుంది, అత్త పసుపు గోదాంకు తాళం వేసి చెవిని బొడ్లో దోపుకుని, 'ధర పెరిగేదాక ఇది తెరిస్తె నా మీద ఒట్టు' అంటుంది చూడండి, అక్కడ. ముందు రెండు పేజీలూ తీసేయండి, అందులో వాళ్లెవరో తర్వాత వాళ్లంతట వాళ్లే తెలుస్తారు. ఆ చదవనివాళ్లు మొదటి పేజీ దగ్గరే ఆగిపోయారని ఎందుకన్నానో ఇప్పుడు అర్థమైంది కదా. ఆ ఏడుగురు మూడో పేజీ దాకా ఓపిక పట్టారు, వాళ్లకు దండం పెట్టండి.

మీ వారి సలహా. లెక్క ప్రకారం పనిచేస్తుంది, ఇంకో రెండు ఐదులు కలిస్తే 42ను పదమూడుతో భాగించి 3.2, గట్టెక్కుతారు. వద్దు. వికీపీడియాలో ఒకే మనిషి రెండు ఖాతాలతో చర్చ గెలవాలని చూస్తే కనిపెట్టడానికే ప్రత్యేకంగా మనుషులున్నారు. 2023 డిసెంబరులో అమెరికాలో ఒక కొత్త రచయిత్రి, పాఠకులు పుస్తకాలకు స్టార్లు వేసే గుడ్‌రీడ్స్ సైటులో దొంగ ఖాతాలు తెరిచి తోటి కొత్త రచయితల పుస్తకాలకు ఒంటి స్టార్లు, తన పుస్తకానికి మంచి స్టార్లు వేసుకుంటే మిగతావాళ్లు పట్టేశారు. ఏజెంటు తప్పుకున్నారు, ప్రచురణ సంస్థ రాబోయే పుస్తకాన్ని రద్దు చేసింది. మీ గ్రూపులో అంత కథ నడవకపోవచ్చు, కానీ మీ ఆడబిడ్డ ఎప్పుడో ఒక పండక్కి అందరి ముందూ 'మా వదినకు నేనే స్టార్లు వేశాను' అని నవ్వుతూ అనేస్తుంది. అది చాలు.

అందరి ముందూ అడిగేయాలా అన్నారు. పేర్లు పెట్టి అడిగితే ఆ సారూ ఆయన చుట్టూ ఉన్న అరడజను మందీ ఒక్కటైపోతారు, మీ భాగం గురించి మాట పోయి మీ ప్రవర్తన గురించి చర్చ మొదలవుతుంది. ముందు ఆ సారుకు పోస్టుమాస్టర్ గురించి విడిగా ఫోను చేసి, అడగకుండా మార్చినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పండి. స్టార్ల మాట ఆ ఫోనులో ఎత్తొద్దు. రెండు రోజులు ఆగి గ్రూపులో ఇలా రాయండి, కావాలంటే దీన్నే వాడుకోండి: 'అందరికీ నమస్తే. మనం రేటింగ్ పద్ధతి కొంచెం మారిస్తే బాగుంటుందని నా సూచన. భాగం పెట్టిన మూడు రోజుల దాకా ఎవరెన్ని స్టార్లు వేశారో కనబడకుండా ఉంచుదాం. స్టారు వేసేవాళ్లు ఆ భాగంలోని ఒక సంఘటన పేరు చెప్పి రెండు వాక్యాలు రాయాలి. సగటు బదులు మధ్య అంకె తీసుకుందాం. ఆగిపోయిన భాగాన్ని ఒకసారి తిరగరాసి పెట్టుకునే వీలు ఇద్దాం.' దీంట్లో ఎవరి పేరూ లేదు, మీ భాగం ప్రస్తావన కూడా లేదు. రెండేళ్ల కిందట రాసేవాళ్లు ఎంతమంది, ఇప్పుడెంతమంది అని లెక్కేయమన్నాను కదా, ఆ రెండు అంకెలు చివర చేర్చండి. అవి చూస్తే గ్రూపు పెట్టినాయనకు గుండెలో కలుక్కుమంటుంది, ఎందుకంటే ఖాళీ అవుతున్నది ఆయన ఊరే.

తిరగరాసే వీలు అన్నది నా సొంత తెలివి కాదు. 2007లో ఇంటర్నెట్టులో పేరులేని ఎవరో పెట్టిన ఒక చిన్న భయానక రాతతో మొదలై, ఏడాది తిరిగేసరికి సొంత వికీగా ఎదిగి, ఇవాళ వేల రచనలున్న ఎస్‌సీపీ ఫౌండేషన్ అనే ఉమ్మడి కథల సైటులో కూడా పాఠకుల ఓట్లే తీర్పు. ఓటు కూడిక మైనస్ 10కి పడితే రచన తొలగింపు వరసలోకి వెళ్తుంది. కఠినమే, కానీ అక్కడ ఆ అంకె అందరికీ తెలుసు, పెట్టకముందే చిత్తుప్రతి చూపించి అభిప్రాయం అడగడానికి వేరే చోటుంది, పోయినదాన్ని బాగుచేసి మళ్లీ పెట్టేవాళ్లూ ఉన్నారు. మన తెలుగు వికీపీడియాలో అందరికీ సంబంధించిన చర్చ జరిగే పేజీకి రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు, పేరులోనే ఉంది, నలుగురూ వినేలా మాట్లాడుకునే చోటు. మీ గ్రూపులో ముఖ్యమైన మాటలన్నీ పక్క వాట్సాప్‌లో జరుగుతున్నాయి. దాన్ని మూసేయమని మీరు అడగలేరు, స్నేహితులు మాట్లాడుకోకుండా ఎవరు ఆపుతారు. స్టార్ల లెక్క మాత్రం అక్కడ తేలకూడదని అడగొచ్చు.

నెల చూడండి. ఏమీ కదలకపోతే ఆ ఏడుగురిలో ఇద్దరికో ముగ్గురికో విడిగా మెసేజ్ పెట్టి, మీ కొత్త భాగం పంపిస్తాను చదువుతారా, మీది నేను చదువుతాను అని అడగండి. ముగ్గురు చాలు. నలుగురైతే మళ్లీ పుస్తకం తెరుస్తారు, నవ్వులాటకే అంటున్నాను గాని కొంచెం నిజమే. మీ పన్నెండు పేజీలు మీవే, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు మీది, ఎక్కడా నమోదు చేయించక్కర్లేదు. చేరేటప్పుడు గ్రూపు నిబంధనల్లో వేరే ఏదైనా ఒప్పుకున్నారేమో మాత్రం ఒకసారి చూసుకోండి. ఆ ఊరి పేరూ పోస్టుమాస్టరూ వాళ్లవి కాబట్టి అవి వాళ్లకు వదిలేసి, పసుపు గోదాం, అత్త, తాళంచెవి తెచ్చుకుంటే అది విడి కథగా నిలబడుతుంది, నాకైతే ఆ ఊరు అవసరం కూడా అనిపించలేదు.

ఇంతకీ మీరు పంపిన ఫైలు పన్నెండో పేజీలో, అత్త నిద్రలేచి బొడ్డు తడుముకుంటే చెవి లేదు అన్న దగ్గర ఆగిపోయింది. భాగం అక్కడితోనే అయిపోయిందా, పదమూడో పేజీ జత కాలేదా? ఎవరు తీశారో నాకు ఒక అనుమానం ఉంది, చిన్న మరిది మాత్రం కాదు. ఉంటే పంపండి.